వార్తల్లో పదం: వైద్య సహాయ మరణం

నయంకాని జబ్బుతో ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు వైద్యులు నిర్ధారించిన వ్యక్తికి, కోరితే, ప్రాణం తీసే మందును డాక్టరు రాసిస్తారు. దాన్ని రోగి స్వయంగా తీసుకోవాలి. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో 1997 నుంచి ఇది అమల్లో ఉంది. ఇలా కోరడానికి భరించలేని నొప్పే కారణమని మనం అనుకుంటాం. అక్కడి వార్షిక నివేదికల్లో మాత్రం తమ బతుకు తమ చేతుల్లో లేకపోవడం, ఇష్టమైన పనులు చేసుకోలేకపోవడం, గౌరవం పోతుందన్న బాధ ముందు వరసలో ఉంటాయి. నొప్పి, దాని భయం ఆ తర్వాతే. మందు రాయించుకున్నా వాడకుండానే కన్నుమూసేవాళ్లు ఎందరో. ‘ఇంట్లోవాళ్లకు భారమవుతాను’ అన్న దిగులూ మందు కోరడానికి చెప్పే కారణాల్లో ఉంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. మన దేశంలో ఈ పద్ధతికి అనుమతి లేదు. 2018లో సుప్రీంకోర్టు షరతులతో ఒప్పుకున్నది ప్రాణాధార చికిత్స ఆపడానికే.