చెట్టు కింద దొరికే క్రిస్మస్ అలంకారం



ఆగమన కాలం దగ్గరపడింది. నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్య వచ్చే ఆదివారంతో అది మొదలవుతుంది. ఇక సంఘాల్లో చందాల పుస్తకాలు తిరుగుతాయి. నక్షత్రాలు, మెరుపు దండలు, ప్లాస్టిక్ చెట్లు, సీరియల్ లైట్లు అంటూ జాబితాలు తయారవుతాయి. ఈ వారం ఆ జాబితాను కొంచెం తగ్గించే మాట చెప్పాలనుకుంటున్నాను. దానికి ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల క్రితం సముద్రతీరానికి దగ్గరలో ఒక సంఘంలో సేవ చేస్తున్నాను. అలంకరణ కోసం సండే స్కూలు పిల్లలందరూ తలా యాభై రూపాయలు తేవాలని ప్రకటించాను. ఒక పాప మూడు ఆదివారాలు రాలేదు. జ్వరమేమోనని ఇంటికి వెళ్లాను. వాళ్ల అమ్మ తలవంచుకొని, “డబ్బులు లేకుండా వస్తే పేరు పిలుస్తారంట అయ్యగారూ, సిగ్గుపడి రానంటోంది” అన్నది. ఆ కుటుంబం సరుగుడు తోటల్లో నరుకుడు పనికి వెళ్లేది. పశువుల తొట్టిలో పుట్టిన ప్రభువు పండుగకు ఒక పేద బిడ్డను నేనే గుమ్మం బయట నిలబెట్టాను.

మరుసటి ఏడు చందా ఎత్తలేదు. “ఎవరికి దొరికిన కాయలు, కొమ్మలు వాళ్లు తెండి” అన్నాను. ఆ పాప గోనెసంచి నిండా సరుగుడు కాయలు తెచ్చింది. ఏ కాయ గట్టిది, ఏది పొడి అవుతుందో మాలో ఎవరికీ తెలియదు, ఆమెకు తెలుసు. ఆ సంవత్సరం మాకు నేర్పింది ఆమే.

పైన్ కాయ, సరుగుడు కాయ

పాశ్చాత్య దేశాల్లో క్రిస్మస్ అలంకరణకు పైన్ కాయలు వాడతారు. అమెరికాలో ఉన్న మన తెలుగు సంఘాల వారికి అవి పెరట్లోనే దొరుకుతాయి. ఇక్కడ అరకు వైపు కొండలమీద పైన్ చెట్లు ఉన్నాయి. ఊటీ, కొడైకెనాల్ వెళ్లినవారు నాలుగు కాయలు తెచ్చి షోకేసులో పెట్టుకోవడం చూస్తుంటాం. అయితే అభయారణ్యాల నుండి ఏదీ ఏరుకొని రాకూడదు, చట్టం ఒప్పుకోదు. తోటలోనైనా అడిగి తీసుకోవాలి, రాలినవే తీసుకోవాలి.

మన కోస్తా సంఘాలకు అంత దూరం వెళ్లే పని లేదు. నెల్లూరు నుండి శ్రీకాకుళం వరకు ఇసుక నేలల్లో సరుగుడు తోటలున్నాయి. కొన్నిచోట్ల సర్వి అంటారు. దాని కొమ్మనే క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టిన సంఘాలు మనకు ఎన్నో ఉన్నాయి. చూడడానికి పైన్ జాతిలా కనిపించినా అది పైన్ కాదు. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, కణుపులున్న సన్నని రెమ్మలు. అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర పొలుసుల్లా చిన్నగా ఉంటాయి. దాని కాయ గోళీ అంత ఉంటుంది. ఎండితే చిన్న చిన్న నోళ్లు తెరిచి రెక్కల గింజలను గాలికి వదులుతుంది.

పైన్ కాయ కూడా అంతే. పొడి గాలిలో రేకులు విచ్చుకుంటాయి, తడి తగిలితే ముడుచుకుంటాయి. రేకులో రెండు పొరలుంటాయి. తడిసినప్పుడు ఒక పొర ఎక్కువ సాగుతుంది, రెండోది అంతగా సాగదు. అందుకే రేకు వంగుతుంది. చెట్టునుండి రాలిన తరువాత కూడా ఈ పని ఆగదు. పిల్లల ముందు ఒక కాయను నీళ్ల గిన్నెలో వేసి ఆరాధన అయ్యాక చూపించండి. ప్రసంగం మరచిపోయినా దాన్ని మరచిపోరు.

ముందు శుభ్రం చేయడం

ఏరిన కాయలను దులిపి, బకెట్ నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి అరగంట నానబెట్టండి. లోపలి చీమలు, పురుగులు బయటికి వస్తాయి. కాయలు ముడుచుకుంటే కంగారు పడవద్దు. డాబామీద నాలుగైదు రోజులు మంచి ఎండలో ఉంచితే మళ్లీ విచ్చుకుంటాయి. మబ్బు పట్టిన రోజుల్లో ఇంకా కొన్ని రోజులు పడతాయి. కాబట్టి డిసెంబరు 20న మొదలుపెడితే కుదరదు, ఇప్పుడే ఏరాలి. ఓవెన్ ఉన్నవారు సుమారు 95 డిగ్రీల సెల్సియస్ వేడిలో అరగంట ఉంచవచ్చు. అయితే దగ్గరుండి చూసుకోవాలి, పైన్ కాయలో జిగురు ఉంటుంది.

ఆగమన చక్రం

మొదట చేయదగినది ఆగమన చక్రం. దీని వెనుక ఒక సేవకుని కథ ఉంది. జర్మనీలోని హాంబర్గులో యోహాన్ హిన్రిక్ విషెర్న్ అనే లూథరన్ దైవసేవకుడు పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే, 1839లో ఒక పాత బండి చక్రం తీసుకొని దానిమీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. ఆదివారాలకు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగిస్తూ పిల్లలు రోజులు లెక్కపెట్టుకున్నారు. నేడు లోకమంతటా ఆలయాల్లో కనిపించే ఆగమన చక్రం పేద పిల్లల ఇంట్లో పాత సామానుతో పుట్టింది.

మన దగ్గర బండి చక్రం లేకపోతే పాత సైకిల్ రిమ్ము చాలు, లేదా వెదురు బద్దను గుండ్రంగా వంచి కట్టండి. దానికి కొబ్బరి తాడు చుట్టండి. పచ్చి సరుగుడు రెమ్మలను చిన్న కట్టలుగా చేసి, ఒకదాని మొదలును మరొకదాని కొస కప్పేలా వరుసగా కట్టాలి. పైన్ కాయ అయితే అడుగు రేకుల మధ్య నుండి సన్నని కట్టుతీగను ఒక చుట్టు తిప్పి, మెలివేసి, ఆ కొసలతో చక్రానికి బిగించాలి. సరుగుడు కాయలు చిన్నవి గనుక ఐదారు కలిపి గుత్తిగా ఫెవికాల్‌తో అంటించి ఒక రాత్రి ఆరనివ్వాలి. వేడి గ్లూ గన్ పెద్దల చేతిలోనే ఉండాలి.

మిగిలిన కాయలతో పిల్లలు చేయగలిగినవి చాలా ఉన్నాయి. సరుగుడు కాయకు దూది అంటించి, నాలుగు పుల్లలు గుచ్చితే గొర్రెపిల్ల. పెద్ద పైన్ కాయను సీసా మూతలో బంకమట్టి పెట్టి నిలబెడితే చిన్న చెట్టు. మామిడాకుల తోరణం కట్టే చేతులు కాయల తోరణం కట్టలేవా? రేకుల అంచులకు తెల్ల రంగు చాలు. మెరుపు పొడి వద్దు, అది ప్లాస్టిక్, మట్టిలో కలవదు. మన ఊళ్లలో కురవని మంచును నటించే పని కూడా లేదు.

అగ్ని విషయంలో జాగ్రత్త

ఎండిన కాయ, ఎండిన సరుగుడు రెమ్మ, దూది, ఈ మూడూ క్షణంలో అంటుకుంటాయి. సరుగుడును వంటచెరకుగా వాడిన తల్లులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. కొవ్వొత్తులను చక్రం మీద కాక, మధ్యలో ఇసుక పోసిన స్టీలు పళ్లెంలో నిలబెట్టండి. రెమ్మలకు, మంటకు మధ్య కనీసం జానెడు ఎడం ఉండాలి. ఆరాధన ముగియగానే ఆర్పివేయాలి. దగ్గర ఒక బకెట్ నీళ్లు ఉంచడం సంఘపెద్దల బాధ్యత. రెమ్మలు ఎండగానే మార్చాలి.

ఇది లేఖనానుసారమా?

కొందరు సహోదరులు యిర్మీయా 10వ అధ్యాయం చూపించి, చెట్టును అలంకరించడం పాపమంటారు. వారి భక్తిని గౌరవిస్తాను. కాని ఆ భాగమంతా చదివితే, ప్రవక్త ఖండించేది అడవి మ్రానును చెక్కి, వెండి బంగారాలు తొడిగి, దేవుడని మ్రొక్కడాన్ని. చక్రానికి మనం మ్రొక్కం. నెహెమ్యా 8వ అధ్యాయంలో జనులు కొండకు వెళ్లి కొమ్మలు తెచ్చి పర్ణశాలలు కట్టుకొని బహుగా సంతోషించారు. నిర్గమకాండము 35వ అధ్యాయంలో చేతిపని తెలిసిన స్త్రీలు తమ చేతులతో వడికినది తెచ్చారు. బెసలేలు చేతి నేర్పు దేవుని ఆత్మ ఇచ్చిన వరమని అక్కడే వ్రాయబడింది. అయితే అలంకారమే పండుగ అయిపోతే ఆ సహోదరుల హెచ్చరిక మనకూ తగులుతుంది.

చివరిగా ఒక మాట. మనం అలంకారానికి ఏరుకునే విచ్చుకున్న కాయలో సాధారణంగా గింజలుండవు. అప్పటికే అవి గాలికి వెళ్లిపోయి ఉంటాయి. తనలో ఉన్నదంతా ఇచ్చి ఖాళీ అయిన కాయ అది. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు చెప్పినట్లు, తన్ను తాను రిక్తునిగా చేసికొని దాసుని రూపంలో వచ్చిన ప్రభువు జన్మదినానికి ఇంతకంటె తగిన అలంకారం ఏముంది?

ఈ ఆదివారం మీ సంఘంలో ప్రకటన చేసేటప్పుడు డబ్బు మాట ఎత్తకుండా, కాయలు తెమ్మని చెప్పి చూడండి. ఖర్చు తగ్గి మిగిలిన సొమ్ముతో ఒక ఇంటికి బియ్యం కొనవచ్చు. అంతకంటె ముఖ్యంగా, ఏ బిడ్డ గుమ్మం బయట నిలబడి ఉందో ఒకసారి చూడండి.

ప్రభువు కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమెన్.