పాత కలర్ లేజర్ ప్రింటర్ కొనేముందు

శుభలేఖలు, గుడి కరపత్రాలు ఇంట్లోనే అచ్చువేసి అమ్ముదామని మా మిత్రుడొకాయన ఒక ఆఫీసులో వాడిన కలర్ లేజర్ ప్రింటర్ చూశాడు. 150 డాలర్లే! ముందు మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ, సప్లైస్ పేజీ తీయించమన్నాను. ఇప్పటికి ఎన్ని పేజీలు కొట్టిందో, డ్రమ్ము, ఫ్యూజరు, ట్రాన్స్‌ఫర్ బెల్టు ఇంకెంతకాలం వస్తాయో చాలా మోడళ్లలో అవే చెప్తాయి. అవి మార్చాల్సొస్తే ఖర్చు ప్రింటర్ ధరని దాటిపోతుంది (నాకు దాటింది లెండి).

టోనరు డబ్బా మీది పేజీల లెక్కనీ నమ్మకండి. అది పేజీలో రంగుకి సుమారు 5 శాతం చొప్పున వేసింది. మన శుభలేఖల్లో ఎరుపూ పసుపూ నిండుగా ఉంటాయాయె!

మీరు వాడబోయే అట్టనే పట్టుకెళ్లి కొట్టించి చూడండి. మావాడు అలాగే చేశాడు. గోటితో గీకితే రంగు రాలిందట. వదిలేసి వచ్చాడు.