జానెడు దారి కోసం జగడం!

"అత్తయ్యా! ఇక్కడ సైకిల్ దారి కోసం ప్రభుత్వం మీదే కోర్టుకెళ్ళారు తెలుసా?" అని మా ఆడపడుచు కూతురు టొరంటో నుంచి ఫోన్లో చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. పొలం గట్టు కోసం, ఇంటి ముందు మురుగు కాలవ కోసం కోర్టుకెక్కిన వాళ్ళని చూశాం గానీ, సైకిల్ వెళ్ళే దారి కోసం కూడానా? అంత డబ్బున్న కెనడాలో ఇదేం చోద్యం అనుకున్నాను.

తీరా సంగతంతా విన్నాక, దాని గురించి నాలుగు కాగితాలు చదివాక నా నవ్వు ఆగిపోయింది. ఒకరికి నాలుగు నిమిషాలు కలిసి రావడం కోసం ఇంకొకరి ప్రాణాన్ని పణంగా పెట్టొచ్చా? ఆ గొడవంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. అది మనకీ సంబంధించిన ప్రశ్నే కాబట్టి మీతో చెబుతున్నాను.

దుకాణాల వాళ్ళ భయం

టొరంటోలో బ్లూర్ అని ఒక పెద్ద వీధి ఉంది. తూర్పు నుంచి పడమరకి సాగిపోతుంది. రెండు వైపులా షాపులు, హోటళ్ళు, పక్కనే యూనివర్సిటీ. 2016 ఆగస్టులో నగరపాలక సంస్థ ఆ వీధిలో 2.4 కిలోమీటర్ల మేర, రోడ్డుకి రెండు అంచులా సైకిళ్ళకి విడిగా దారి వదిలింది. ఉత్త గీత గీసి ఊరుకోలేదు. కార్లు దాటి రాకుండా చాలా చోట్ల మధ్యలో చిన్న చిన్న స్తంభాలు నాటారు. ముందు ప్రయోగంగా పెట్టి, ఫలితం చూశాక ఉంచాలా తియ్యాలా తేల్చుకుందామన్నారు.

షాపుల వాళ్ళలో కొందరు గొల్లుమన్నారు. కారు ఆపుకోడానికి చోటు పోతే బేరాలు పోతాయని వాళ్ళ భయం. అందులో తప్పేమీ లేదు. పొట్టకూటి సంగతి కదా!

మరి జరిగిందేమిటి? సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు 49 శాతం పెరిగారు. కార్ల వాళ్ళకి కొంచెం ఆలస్యమైన మాట నిజమే. సాయంత్రం రద్దీలో అది నాలుగు నిమిషాల దాకా ఉందని నగరం వాళ్ళ లెక్కే చెప్పింది. బేరాలు మాత్రం తగ్గలేదు. దారి రాక ముందూ వచ్చిన తర్వాతా అక్కడి యూనివర్సిటీ పరిశోధకులు ఆ వీధిలో సర్వే చేశారు. కొనడానికి వచ్చేవాళ్ళూ పెరిగారు, వాళ్ళు నెలకి పెట్టే ఖర్చూ పెరిగింది!

ఇందులో ఆశ్చర్యమేముంది చెప్పండి? కారులో వెళ్ళేవాడు షాపు దాటాక వెనక్కి తిప్పడు. నడిచేవాళ్ళూ, సైకిల్ వాళ్ళూ అయితే కంటికి నచ్చినచోట ఇట్టే ఆగుతారు. కొనేది కాస్తే అయినా మళ్ళీ మళ్ళీ వస్తారు. మన వీధి చివర కూరల కొట్టుకి ఆధారం మనలాంటి వాళ్ళమే కదా!

2017 నవంబరులో ఆ దారిని శాశ్వతంగా ఉంచాలని కౌన్సిల్లో 36 మంది ఓటేశారు. వద్దన్నవాళ్ళు ఆరుగురు.

తమ్ముడు చెరిపేశాడు, అన్న అందుకున్నాడు

ఆ ఊళ్ళో ఈ తగవు అంతకు ముందు నుంచే ఉంది. 2010లో జార్విస్ అనే వీధిలో సైకిల్ దారి వేశారు. ఆ ఏడే మేయరుగా గెలిచిన రాబ్ ఫోర్డ్, కార్ల మీద యుద్ధం ఇక చాలని ప్రకటించాడు. కౌన్సిల్లో ఓటింగు పెట్టించి 2012 నవంబరులో ఆ గీతల్ని గీకించేశారు. గీకే బండికి అడ్డంగా కొందరు రోడ్డు మీదే కూర్చున్నారు కూడా. వేసిన రెండేళ్ళకే తీసేశారంటే రెండు ఖర్చులూ జనం నెత్తినే కదా!

ఆ రాబ్ ఫోర్డ్ అన్నగారు డగ్ ఫోర్డ్. 2018లో ఆంటారియో రాష్ట్రానికి ప్రీమియర్ అయ్యాడు. అంటే మన ముఖ్యమంత్రి లెక్క. ఈలోగా బ్లూర్ దారిని పడమటి వైపు, ఇళ్ళకి ఇళ్ళకి ఎడం ఉండి కారు లేనిదే గడవని పేటల దాకా పొడిగించారు. అక్కడివాళ్ళు మండిపడ్డారు. ట్రాఫిక్ నిలిచిపోతోంది, అంబులెన్సుకి దారేదని అడిగారు. గడ్డకట్టే చలిలో ముసలివాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన వాళ్ళ బాధ కూడా బాధే. కొట్టిపారేయడానికి లేదు.

కోడలి వంటింట్లో అత్తగారి పెత్తనం

2024 నవంబరులో డగ్ ఫోర్డ్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. కార్ల వరస తగ్గించి సైకిల్ దారి వెయ్యాలంటే ఇకమీదట ఏ నగరమైనా రాష్ట్రాన్ని అడగాల్సిందే! అంతటితో ఆగలేదు. టొరంటోలో బ్లూర్, యంగ్, యూనివర్సిటీ అనే మూడు వీధుల్లో అప్పటికే ఉన్న దారుల్ని తీయించే అధికారం కూడా తానే తీసుకుంది. సైకిళ్ళ వాళ్ళు సందుల్లోంచి వెళ్ళొచ్చు, పెద్ద రోడ్లు కార్లకి వదలాలి అన్నది ఆయన వాదన.

రోజూ వండే కోడలు తన చేతికి అందేట్టు డబ్బాలు సర్దుకుంటే, పండక్కి వచ్చిన అత్తగారు వాటన్నిటినీ అటకెక్కించినట్టు లేదూ!

అప్పటి మేయరు ఒలివియా చౌ స్వయంగా సైకిల్ తొక్కే మనిషి. ఆ దారులు తీసెయ్యడానికే 4 కోట్ల 80 లక్షల డాలర్లు అవుతుందని నగరం అధికారులు లెక్క తేల్చారు. రాష్ట్రం వాళ్ళు ఆ లెక్క ఒప్పుకోలేదు.

నన్ను బాగా కలచివేసింది చట్టంలో చివర్లో చేర్చిన ఒక మాట. దారి తీసేశాక ఎవరికైనా దెబ్బలు తగిలినా, ప్రాణమే పోయినా ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వెయ్యడానికి వీల్లేదట! ప్రమాదం జరగొచ్చని తెలియకపోతే ముందే ఆ మాట ఎందుకు రాసుకుంటారు?

ఆ 2024లోనే టొరంటోలో సైకిల్ తొక్కుతూ ఆరుగురు చనిపోయారు. అందులో ఒకమ్మాయి బ్లూర్ వీధిలోనే పోయింది. సైకిల్ దారిలో అడ్డంగా చెత్త వేసే పెద్ద డబ్బా పెట్టారు. దాన్ని తప్పించుకోడానికి రోడ్డు మీదికి వచ్చింది. అంతే... లారీ కిందపడిపోయింది. నాలుగడుగులు దారి మూసుకుపోతే జరిగిందది. మొత్తం దారే లేకపోతే?

కోర్టు ఏమంది?

సైకిల్ వాళ్ళ సంఘం ఒకటి, ఇంకొందరితో కలిసి 2024 డిసెంబరులో కోర్టుకెళ్ళింది. 2025 ఏప్రిల్లో జడ్జిగారు దారులు ముట్టుకోవద్దని ఆపారు. జూలై 30న తీర్పు వచ్చింది.

సైకిల్ దారి వేసి తీరాలని అడిగే హక్కు ఎవరికీ లేదు గానీ, ఉన్నదాన్ని తీసేసి జనం ప్రాణాల్ని ప్రమాదంలో పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధం అని తేల్చారు. మనకి 21వ అధికరణం ఎలాగో, వాళ్ళకి అలాంటిదే ఒకటుంది, ప్రాణ రక్షణకి. పోనీ తీసేస్తే ట్రాఫిక్ తగ్గుతుందా అంటే, దానికీ రుజువు లేదన్నారు. ప్రభుత్వం తానే పెట్టుకున్న ఇంజనీర్లు కూడా, తీసేస్తే ప్రమాదాలు పెరగొచ్చని ముందే రాసిచ్చారట! ప్రభుత్వం ఈ తీర్పు మీద పై కోర్టుకి అప్పీలు చేసింది.

మా మేనకోడలు ఆ బ్లూర్ దారిలోనే కాలేజీకి వెళ్తుంది. "దారి విడిగా లేకపోతే నేను సైకిల్ ఎక్కనే ఎక్కను అత్తయ్యా" అంది. ఇది దాని ఒక్కదాని మాట కాదు. కార్ల మధ్యలో తొక్కడానికి మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువ జంకుతారని చాలా దేశాల్లో సర్వేలు చెప్పాయి. జంకడం పిరికితనం కాదు, ఇంటికి తిరిగొచ్చి అన్నం వండాల్సిన వాళ్ళం మనం!

మన సంగతేమిటి?

మన ఊళ్ళల్లో ఒకప్పుడు రెండు జడలేసుకుని సైకిళ్ళ మీద హైస్కూలుకి వెళ్ళే ఆడపిల్లలు బోలెడు మంది కనిపించేవాళ్ళు. ప్రభుత్వాలు సైకిళ్ళు పంచిన రోజులూ ఉన్నాయి. ఇవాళ పక్క వీధి ట్యూషన్‌కి సైకిల్ మీద పంపాలంటే తల్లి గుండె దడదడలాడుతుంది. సైకిల్ కొనివ్వగలం గానీ దారి కొనివ్వలేం కదా!

మన వార్డులో రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చినప్పుడు, ఓట్లడగడానికి వచ్చినప్పుడు, మనం కుళాయి నీళ్ళ గురించి నిలదీసినట్టే ఇదీ అడగాలి. "బళ్ళ సంగతి సరే, మా పిల్ల వెళ్ళే దారేది?" అని. ఒక్కరు అడిగితే నవ్వుతారు. వీధిలో పదిమంది ఆడవాళ్ళం కలిసి అడిగితే జవాబు చెప్పి తీరతారు.