జుజుత్సు విద్యయు ఆత్మరక్షణమును

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతములలో బిడ్డలను చదువునకు పంపుచున్న తల్లిదండ్రులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. “మా పిల్లకు ఆత్మరక్షణ విద్య నేర్పింపవలెనా? నేర్పింపవలసినచో దేనిని నేర్పింపవలెను?” చీకటి పడిన పిమ్మట బస్సు దిగి ఊరిలోనికి నడచిపోవలసిన బిడ్డను తలచుకొని అడిగిన ప్రశ్న యిది, దీనికి తేలికగా ప్రత్యుత్తరమీయరాదు. కరాటే యనిన నందరికిని తెలియును. బ్రెజీలియన్ జుజుత్సు అను పేరు మాత్రము మనవారికి క్రొత్త. అయినను ఈ విద్య నేర్పు పద్ధతిని గ్రహించినచో, ఏది నిజముగా నక్కరకు వచ్చునో, ఏది వట్టి ప్రదర్శనమో తెలిసికొనుట సులభమగునని తలచి, దానిని గూర్చి వ్రాయబూనితిమి.

జపాను దేశమున పుట్టిన విద్యకు బ్రెజిల్ పేరు ఎట్లు వచ్చెనని విద్యార్థులు అడుగవచ్చును. 1882లో జిగోరో కానో అను నుపాధ్యాయుడు టోకియోలో కొడోకాన్ అను శిక్షణాలయమును స్థాపించి, పాత జుజుత్సులోని అపాయకరములైన పట్లను నిత్యసాధన నుండి తొలగించి, జూడో అను పేరుతో నేర్పసాగెను. అచ్చట నేర్చిన మిత్సుయో మయేదా అనేక దేశములు తిరిగి మల్లులతో పోరాడి, తుదకు బ్రెజిల్‌లోని బెలెం నగరమున స్థిరపడెను. ఆయన యొద్ద గ్రేసీ కుటుంబములోని కార్లోస్ అను యువకుడు అభ్యసించి తన తమ్ములకు నేర్పెను. వారిలో హేలియో (1913-2009) బక్కపలుచని దేహము గలవాడు. ఎదుటివానిని ఎత్తి పడవేయు బలము తనకు లేదు గనుక, క్రిందపడిన పిమ్మట నేలమీదనుండి చేయదగిన పట్లను, విడిపించుకొను నుపాయములను అతడు పెంపొందించెను.

1951లో రియో నగరమందలి మరకానా క్రీడాస్థలమున హేలియో, జపాను మల్లుడైన మసాహికో కిమురాతో తలపడి ఓడిపోయెను. కిమురా తన చేతిని వెనుకకు మెలివేసిన ఆ పట్టునకు బ్రెజిల్ వారు కిమురా అనియే పేరు పెట్టి, నేటికిని తమ శిష్యులకు నేర్పుచున్నారు. ఓడించినవాని పేరును దాచక పాఠములో చేర్చుకొన్న యీ గుణము మాకు మిక్కిలి నచ్చినది. 1993లో హేలియో కుమారుడు రాయిస్ అమెరికాలోని డెన్వరు నగరమున జరిగిన మొదటి యు.ఎఫ్.సి. పోటీలో తనకంటె బరువైన మువ్వురిని వరుసగా లొంగదీసి గెలిచెను. నాటినుండి ఈ విద్య లోకమంతట వ్యాపించినది.

మన దేశమునకు జూడో, జుజుత్సులు క్రొత్తవి కావు. 1905లోనే జిన్నోసుకే సానో అను జపాను ఉపాధ్యాయుడు శాంతినికేతనమున నేర్పెను. 1929లో రవీంద్రనాథ ఠాకూరు ఆహ్వానముపై షింజో టకగాకి వచ్చి బాలురకును బాలికలకును గూడ నేర్పెను. ఆడపిల్లలకు కుస్తీ తగునా యని నేడు సంకోచించు తండ్రులు ఈ సంగతి గమనింతురు గాక.

ఇక ఆ విద్యలోని కీలకమును చెప్పెదము. మన తెలుగువారిలో కోడి రామమూర్తి నాయుడు ఇనుప గొలుసులు త్రెంచి, ఏనుగును రొమ్ముపై నిలిపి కీర్తి గాంచెను. అట్టి బలము కోటికొకనికి గలుగును. తక్కినవారి మాటయేమి? ఒకడు మనలను వెల్లకిల పడవేసి రొమ్ముపై కూర్చుండెననుకొందము. అతనిని చేతులతో పైకి నెట్టుట బలహీనునకు సాధ్యము కాదు. అయితే అతడు నాలుగు కోళ్లపై నిలిచిన మంచము వంటివాడు. రెండు చేతులు, రెండు కాళ్లు అతని కోళ్లు. ఒక వైపున నున్న చేతిని హత్తి పట్టుకొని, ఆ వైపుననే యున్న పాదమును మన పాదముతో బిగించి, నడుమును వంతెన వలె పైకెత్తి ఆ దిక్కునకే దొర్లినచో, ఒకే ప్రక్క రెండు కోళ్లు విరిగిన మంచము వలె అతడు పడిపోవును. ఇందు మన చేతుల బలముతో పనిలేదు. తొడలును నడుమును గలిసి ఒక్క చేతిని గెలుచుచున్నవి.

అట్లే ఎవరైనను మణికట్టు పట్టుకొన్నప్పుడు వెనుకకు గుంజుకొనుట వ్యర్థము. నాలుగు వ్రేళ్లు ఒక ప్రక్క, బొటనవ్రేలు ఒంటరిగా నొక ప్రక్క నుండును. మన చేతిని బొటనవ్రేలి కొనయు తక్కిన వ్రేళ్ల కొనలును కలియు సందు వైపునకు త్రిప్పి లాగినచో, నాలుగింటితో గాక ఒక్కదానితోనే పోరాడినట్లగును. మరియొక కదలిక కలదు. నేలపై ప్రక్కకు తిరిగి, పాదము నదిమి, పిరుదులను వెనుకకు త్రోసికొనుచు జరుగుట. దీనికి రొయ్య యని పేరు గలదు. రొయ్య వెనుకకు చిమ్ముకొనుట చూచినవారికి వేరుగ వర్ణింప నక్కరలేదు.

ఇవన్నియు చదువగనే వచ్చునా? రావు. ఇచ్చటనే మా ముఖ్యమైన మాట యున్నది. ఒక్కపూట శిబిరము పెట్టి, వరుసగా నిలువబెట్టి, గాలిలో నాలుగు దెబ్బలు కొట్టించి, పత్రము చేతికిచ్చి పంపుట ఆత్మరక్షణ శిక్షణము కాదు. అది లేని ధైర్యమును కలిగించుటచేత నొకొకప్పుడు అపకారమే చేయును. చేయి పట్టుకొన్నవాడు విడువ నిచ్చగించి విడుచుటకును, విడువనని పెనగులాడుచుండగా విడిపించుకొనుటకును ఎంతయో భేదము కలదు. జుజుత్సులో ప్రతిదినము సహాధ్యాయి నిజముగానే ఎదిరించును. అయినను అవయవములు విరుగకుండుటకు ఒక చిన్న కట్టుబాటు వారిని కాపాడుచున్నది: పట్టు బిగిసినప్పుడు చేతితో రెండుమార్లు తట్టవలెను, తట్టగనే ఎదుటివాడు ఆ క్షణముననే విడువవలెను. తట్టుట అవమానము కాదు. తట్టినను విడువనివాని నే మంచి గురువును చాపపై నుండనీయడు. మెడ పట్లలో నీ నియమము మరింత యవసరము. మెడకిరుప్రక్కల నున్న రక్తనాళములు అదిమినచో పదిక్షణములలోపుననే తెలివి తప్పవచ్చును గనుక, వానిని గురువు కనుసన్నను లేక బాలురు తాకనే కూడదు.

ఎదిరించువానితో సాధన చేయుట మనకు తెలియని పద్ధతి కాదు. తాలీంఖానాలో మట్టి గోదాలో దిగిన మల్లులు చేసినదదియే. చెడుగుడు చూడుడు. కూతకు పోయినవాని మడమ నొకడును నడుము నొకడును పట్టుకొన్నప్పుడు, వాడు ఊపిరి విడువక గీతను చేరుటకు పెనగులాడుట విడిపించుకొను విద్యయే గదా! చెడుగుడు బాగుగా నాడిన పిల్లలు జుజుత్సును త్వరగా నేర్తురని మా యభిప్రాయము.

ఈ విద్యకు హద్దులును గలవు. పలువురు చుట్టుముట్టినప్పుడు నేలపై ఒక్కనిని పట్టుకొని యుండుట ప్రమాదము. కత్తి యున్నవానితో పట్లు పట్టబోవుట తెలివితక్కువ. అడిగిన సంచి ఇచ్చివేసి, పరుగెత్తి, కేకవేసి, వెలుతురులో మనుష్యులున్న చోటు చేరుట మేలు. 112కు ఫోను చేయుట పిరికితనము కాదు. 2014లో హైదరాబాదున నారంభమై పిమ్మట జిల్లాలకు వ్యాపించిన షీ టీముల సహాయమును గూడ బాలికలు ఎరిగియుండవలెను. చట్టము మనకు రక్షణ హక్కు నిచ్చినది. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షన్లు దీనినిగూర్చియే. అయితే కాపాడుకొనుటకు ఎంత బలము వలయునో అంతకు మించరాదు; పారిపోవుచున్నవానిని వెంటబడి కొట్టుట రక్షణ కాదు.

మన నల్లగొండ సీమలో పెద్దలు ఇంకొక సంగతి చెప్పుదురు. 1940 తరువాతి దశాబ్దమున సాయుధ పోరాటము జరిగిన దినములలో పల్లె స్త్రీలు వడిసెలలు, కర్రలు, కారపు పొడి పట్టుకొని గుంపుగా నిలిచి యిండ్లను కాపాడుకొనిరి. తరువాత శాసనసభకు ఎన్నికైన మల్లు స్వరాజ్యము ఆ పోరాటమున చిన్ననాడే దిగినవారు. ఆ స్త్రీలలో నే యొక్కతెయు ఒంటరిగా పోరాడలేదు. ఒక కేక విని పదిమంది వచ్చుట వారి మొదటి ఆయుధము. పట్లు నేర్పు గురువు ఈ కేకవేయుటను గూడ నేర్పవలెను. మన ఆడపిల్లలలో గట్టిగా నరచుటకు సిగ్గుపడువారే యెక్కువ.

గురువు నెంచుకొను తల్లిదండ్రులు మొదట ఒక సాయంకాలము ప్రక్కన కూర్చుండి చూడవలెను. పిల్లలు ఒకరితో నొకరు నిజముగా పెనగులాడుచున్నారా? తట్టిన వెంటనే విడుచుచున్నారా? బాలికలకు తగిన జోడు కలదా? తల్లిదండ్రులు చూచుటకు గురువు అభ్యంతరము చెప్పుచున్నాడా? చెప్పినచో అచ్చట చేర్పింపకుడు. నేలపై మందమైన పరుపుచాపలుండవలెను. గోళ్లు కత్తిరించుకొని, గాజులు, ఉంగరములు, చెవిపోగులు తీసివేసి రావలెను. పుండ్లు, తామర యున్నవారు నయమగువరకు రాకూడదు. మొదటి మాసమున చాలవరకు పడుటయే నేర్పుదురు: గడ్డము రొమ్మున కానించి, వీపును గుండ్రముగా చేసి, అరచేతులతో చాపను చరచుచు పడుట. ఇది చూచి కొందరు పిల్లలు విసుగుచెంది మానివేయుదురు; ఇంట తడినేలపై జారిపడినప్పుడు మొట్టమొదట అక్కరకు వచ్చునది మాత్రము ఆ పాఠమే.