లెక్కకు రాని బిడ్డలు

జూన్ మాసమున బడులు తెఱచు దినములలో ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరిగి పిల్లల నెంచుట మన పల్లెలలో ఏటేట జరుగు పని. దీనికి బడిబాట యని పేరు. వాకిట నిలిచి "మీ యింట నెందరు బిడ్డలమ్మా?" యని యడుగగా "ఇద్దరండీ" యని యిల్లాలు చెప్పును. ఆ యిద్దరి పేళ్లును పుస్తకమున నెక్కును. మూడవవాడు వెనుక వసారాలో నులకమంచముపై కూర్చుండి యుండును. తల్లి అబద్ధమాడలేదు. అయ్యవారు బడి కొఱకు వచ్చిరి. బడికి పనికివచ్చు బిడ్డలనే యామె లెక్కించెను. ఆ మూడవవానికి నడక రాదు, లేక మాట స్పష్టముగ రాదు, లేక తొమ్మిదేండ్లు నిండినను నాలుగేండ్ల బిడ్డవలె నుండును. వానికిని బడి కలదని యామెకు చెప్పినవారెవ్వరు?

చట్టము మాత్రము చెప్పుచున్నది. 2009 లో పార్లమెంటు అంగీకరించిన బాలల విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. 6 ఏండ్లు మొదలు 14 ఏండ్ల వఱకు ప్రతి బిడ్డకును ఉచితముగ చదువు చెప్పించు భారము దీనివలన ప్రభుత్వముపై బడినది. 2012 లో దానిని సవరించి అంగవైకల్యము గల బిడ్డలను గూర్చి స్పష్టముగ నందు చేర్చిరి. తీవ్రమైన లోపముచే బడికి రాజాలని వారు ఇంటియొద్దనే చదువు కోరుకొనవచ్చు ననిరి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము మఱియొక యడుగు ముందునకు వేసెను. నూటికి 40 పాళ్లు గాని అంతకు మించి గాని లోపమున్నట్లు ధ్రువపత్రము గల బిడ్డకు 18 ఏండ్ల వఱకు ఉచిత విద్య లభింపవలెను. అది దాపునందలి సామాన్యపు బడియో, ప్రత్యేకపు బడియో, కోరుకొనుట వారి యిష్టము. 1995 నాటి పాత చట్టమునందు 7 విధముల లోపములే యుండగా, ఇందు 21 విధములు కలవు.

పేళ్లు కూడ మాఱినవి. కుంటివాడు, గ్రుడ్డివాడు అను పిలుపులు మాని మొదట వికలాంగులనిరి. ఇప్పుడు దివ్యాంగులనియు విభిన్న ప్రతిభావంతులనియు అనుచున్నారు. పిలుపు మర్యాదగ నుండుట మంచిదే. అయితే బడి గుమ్మము ముందటి మెట్టు మెట్టుగనే యుండ, దాని నెక్కలేని బిడ్డకు మాత్రము దివ్యత్వము నంటగట్టుట మాకు వింతగ తోచుచున్నది.

ఇట్టి బిడ్డలకు చదువు చెప్పుట మన దేశమున నిన్న మొన్నటి మాట కాదు. అమృతసరములో అంధుల పాఠశాల 1887 లోనే వెలసెను. కాని ఆనాటి పద్ధతి బిడ్డను ఊరినుండి తీసికొనిపోయి దూరపు పట్టణమున ఉంచునట్టిది. సామాన్యపు బడిలోనే తోడిపిల్లల నడుమ చదివింపవచ్చునను మాటను కొఠారీ సంఘము 1964-66 సంవత్సరములలో గట్టిగ చెప్పెను. కేంద్ర ప్రభుత్వము 1974 లో అందులకొక పథకము నేర్పఱచెను. ఇప్పుడు ఆ పని సమగ్ర శిక్ష యను పేర జరుగుచున్నది.

ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములు రెంటను మండలములందు భవిత కేంద్రములను పేర నొక యేర్పాటు కలదు. చాలవఱకు అది ఏదో యొక ప్రభుత్వ పాఠశాల ఆవరణలోనే ఒకటి రెండు గదులలో నడచుచుండును. చూచిన వారికి అది బడివలె కనబడదు. నేలపై పఱపులు, గోడకు పట్టుకమ్ములు, బొమ్మలు, పూసలు, రంగుల దిమ్మలు. ఒక బిడ్డ చొక్కా గుండీ పెట్టుకొనుట నేర్చుచుండును. ఒకడు చెంచా పట్టుకొనుట నేర్చును. వేఱొకడు రూపాయ బిళ్లకును రెండురూపాయల బిళ్లకును భేదము తెలిసికొనుచుండును. "ఇదియు నొక చదువా?" యని పెద్దలు కొందఱు నవ్వుదురు. బయటికిపోవలెనని సైగ చేసి చెప్పనేర్చిన బిడ్డ తరగతిలో గూర్చుండగలడు, నేర్వనివాడు కూర్చుండలేడు. ఓనమాలకు ముందటి చదువు ఇది. నియమిత దినములలో ఫిజియోథెరపీ తెలిసినవారు వచ్చి బిగిసిన కాళ్లు సేతులు సడలించి, ఆ పనిని ఇంట నెట్లు చేయవలయునో తల్లికి చూపెదరు. వారమున కొకసారి వారు చేయు దానికంటె తల్లి నిత్యము చేయునదే బిడ్డ నెక్కువగ నడిపించును.

దీనికి ప్రభుత్వ మిచ్చు ధనమెంత? సమగ్ర శిక్షలో నిట్టి బిడ్డ యొక్కింటికి ఏడాదికి 3,500 రూపాయలు చొప్పున లెక్క వేసియున్నారు. బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు భృతి వేఱుగ కలదు. బడి పనిదినములు 220 అనుకొన్న యెడల ఆ 3,500 దినమునకు పదునాఱు రూపాయలగును. పరికరములు, పుస్తకములు, రాకపోకల ఖర్చు, వైద్య శిబిరములు అన్నియు నా పదునాఱులోనివే. మన పట్టణములలో నొక్క కప్పు కాఫీకి ఎంత యిచ్చుచున్నామో చదువరులకు తెలియనిది కాదు.

ఇక తరగతిగదిలో జరుగవలసిన పని. కొందఱి విషయమున నిది మిక్కిలి సులువు. చూపు మందముగ నున్న బిడ్డను ముందు వరుసలో, వెలుతురు ప్రక్కనుండి పడుచోట కూర్చుండబెట్టి, పెద్దయక్షరముల పుస్తకమిచ్చిన చాలును. పూర్తిగ చూపులేని బిడ్డకు బ్రెయిలీ లిపి నేర్పవలెను. ఆఱు చుక్కల ఈ లిపిని కనిపెట్టినవాడు మహాపండితుడు గాడు. 1824 నాటికి పదునైదేండ్ల వయసు గల పారిసు అంధపాఠశాల విద్యార్థి, లూయీ బ్రెయిలీ. మన భాషలన్నింటికిని సరిపడునట్లు దానిని కూర్చిన భారతీ బ్రెయిలీ 1951 లో ఆమోదము పొందెను. తెలుగును దానితో వ్రాయవచ్చును. లిపి యున్నది, పలక యున్నది. దానిని నేర్పగల ఉపాధ్యాయుడు ఆ మండలములో నున్నాడా యనునదే ప్రశ్న.

మిక్కిలి యన్యాయమునకు గుఱియగువాడు పై లోపమేదియు కనబడని బిడ్డ. వానికి కన్నులు చక్కగ కనబడును. మాట చుఱుకుగ వచ్చును. అంగడికి పంపిన చిల్లర లెక్క తప్పడు. పుస్తకము తెఱవగనే ప కారము వ కారమగును, మ కారము య కారమగును. తలకట్టు, దీర్ఘము, కొమ్ము ఒకదాని స్థానమున నొకటి చేరును. క్రింది వత్తు ఏ యక్షరమునకు చెందినదో వానికి తోచదు. మన లిపి చూడ ముచ్చటైనదే గాని, ఇట్టి బిడ్డకది ముండ్లకంప. మా చిన్నతనమున మాతో చదివిన యొకడు ఇట్టివాడుండెను. వానికి ఏ యేటి పంట యెంతయో, ఏ ఎడ్లజత ఏ సంతలో నెంతకు పోయెనో నోటికి వచ్చుచుండెను. బడిలో మాత్రము సోమరియనియు మొద్దనియు పేరు తెచ్చుకొని, బెత్తపు దెబ్బలు తిని, అయిదవ తరగతిలో బడి మానెను. వానిది సోమరితనము గాదనుట మాలో నెవ్వరికిని ఆనాడు తెలియదు; అయ్యవారికిని తెలియదు. అభ్యసనమునకు సంబంధించిన ఈ లోపమును 1995 నాటి చట్టము పేర్కొననే లేదు. 2016 లో గాని అది చట్టమున కెక్కలేదు.

దీనికి మందులేదు గాని, పద్ధతి యున్నది. అక్షరమును కంటితో చూచుచు, నోటితో పలుకుచు, వ్రేలితో దిద్దుచు, మూటిని ఒక్కమాఱే చేయింపవలెను. కొద్దికొద్దిగ, మఱల మఱల చేయింపవలెను. ఇది విదేశములనుండి వచ్చిన నూతన విద్యయని తలంచువారు మన తాతలనాటి వీధిబడిని జ్ఞప్తికి తెచ్చుకొనిన, ఇసుకలో వ్రేలితో దిద్దుచు బిగ్గరగ పలికిన ఓనమాలు గుర్తునకు వచ్చును. ఆ యిసుకను మనమే పాఱబోసి, మూడేండ్ల బిడ్డ చేత కాపీపుస్తకము నింపించుచున్నాము. ఇట్టి బిడ్డను ప్రశ్న నోటితో నడిగి, జవాబు నోటితో చెప్పనిచ్చిన వాని తెలివి బయలుపడును. అందఱి యెదుట పాఠము చదువుమని నిలువబెట్టుట మానిన సగము మేలు.

చెవిటి బిడ్డల విషయమున మాకు వేఱొక సందేహము కలదు. 1880 లో మిలాను నగరమున సమావేశమైన యూరోపు అమెరికా విద్యావేత్తలు, బధిరులకు సైగలభాష కూడదనియు, పెదవుల కదలిక చూచి మాటలాడుటయే నేర్పవలెననియు తీర్మానించిరి. సైగలు చేసిన పిల్లల చేతులు కట్టివేసిన బడులు కూడ నుండెను. ఆ తీర్మానమును త్రోసిపుచ్చి విచారము వెలిబుచ్చుటకు 2010 వఱకు, అనగా వాంకోవరు సమావేశము వఱకు, 130 ఏండ్లు పట్టెను. మన దేశమున భారతీయ సంజ్ఞాభాషకు ప్రత్యేక పరిశోధన సంస్థ 2015 లో ఢిల్లీలో నేర్పడినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆ భాషను దేశమంతట నేకరూపముగ నేర్పఱుపవలెనని చెప్పినది. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని సైగలభాష యెఱిగిన వారొక్కరును లేని పల్లెబడిలో చెవిటిబిడ్డను నలువదిమంది నడుమ కూర్చుండబెట్టి, అందఱితో కలిపి చదివించుచున్నామని చెప్పుకొనుట మాకు సమ్మతము కాదు. వాని పేరు హాజరుపట్టీలో నుండును. పాఠము మాత్రము వానిని చేరదు. అట్టి బిడ్డకు తనవంటివారు పదిమంది యుండి, చేతులతో స్వేచ్ఛగ మాటలాడుకొను ప్రత్యేకపు బడియే కొంతకాలము మేలు గావచ్చును. కాళ్లు రాని బిడ్డను అట్లు వేఱుచేయుట మాత్రము తప్పు. వానికి కావలసినది బడి గాదు, బాట.

పట్టణవాసులకును ఇందు పాలు కలదు. మా మిత్రులొకరు బుద్ధివికాసము కొంత తక్కువగ నున్న తమ కూతును పేరుగల యొక ప్రయివేటు పాఠశాలకు తీసికొనిపోయిరి. అచ్చట వారిని కుర్చీలో కూర్చుండబెట్టి, ఎంతో మర్యాద చేసి, "ఇంతకంటె మంచి వసతులు గలచోట పాప చక్కగ నుండునండీ" యని సాగనంపిరి. కాదని యెవ్వరు ననలేదు. కాగితముపై నేమియు వ్రాయలేదు. ఆ మిత్రులు మఱి రెండు చోట్ల అదే మాట విని యింటికి వచ్చిరి. 2016 చట్టము ప్రభుత్వ ధనము పొందు బడులనే గాక గుర్తింపు పొందిన బడులన్నింటిని కూడ, ఇట్టి బిడ్డలను భేదము లేక చేర్చుకొనవలెనని యాదేశించుచున్నది. విద్యాహక్కు చట్టమున ప్రయివేటు బడులలో ప్రవేశతరగతి యందు నూటికి 25 స్థానములు విడువవలసిన వర్గములలో, 2012 సవరణ మూలమున, వీరును ఉన్నారు. కావున చేర్చుకొననిచో ఆ సంగతిని వ్రాసి యిమ్మని తలిదండ్రు లడుగవలెను. మర్యాదతో చెప్పిన నిరాకరణము కంటె వ్రాసి యిచ్చిన నిరాకరణము మేలు; దానిపై పై యధికారికి విన్నవింపవచ్చును.

ఉపాధ్యాయుల సంగతి చెప్పక తీరదు. భవిత కేంద్రములలో పనిచేయువారు అనేకులు ఏండ్లతరబడి ఒప్పందపు కొలువులోనే యున్నారు. ఊరూరు తిరిగి, మంచమున బడియున్న బిడ్డల యిండ్లకు పోయి చదువు చెప్పుదురు. ఎంతమంది బిడ్డలకొక ప్రత్యేక ఉపాధ్యాయుడుండవలె నను విషయమున సుప్రీము కోర్టు 2021 అక్టోబరు 28 వ తేదీన తీర్పు చెప్పినది: ప్రాథమిక తరగతులలో 10 మందికొకరు, పై తరగతులలో 15 మందికొకరు. 2025 మార్చిలో ఆ కోర్టే మఱల కలుగజేసికొని, ఎన్ని కొలువులు కావలెనో తేల్చి ప్రకటింపుడని రాష్ట్రములకు చెప్పవలసివచ్చినది. తీర్పునకును రెండవ హెచ్చరికకును నడుమ మూడేండ్లకు పైగా గడచినవి. మొదటి తరగతిలో నుండవలసిన బిడ్డ ఆ లోపల నాలుగవ తరగతి యీడునకు వచ్చియుండును.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయుగాక. ఊరిపెద్దల చేతిలోని పనులును కొన్ని కలవు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడుపాళ్లు తలిదండ్రులే యుండవలెనని చట్టము. ఇట్టి బిడ్డ గల తల్లి యొకతెను అందు చేర్చుకొనుట కెవ్వరు నడ్డుపడరు. బడి మెట్ల ప్రక్క వాలుబాట వేయుటకు లెక్క యొకటి కలదు: ఎత్తు అడుగైన పొడవు 12 అడుగులుండవలెను. చోటు చాలదనియో, సిమెంటు మిగులుననియో అయిదడుగులలో ముగించిన వాలుబాటలపై చక్రములకుర్చీ ఎక్కదు. ఎక్కినను దిగునపుడు బోర్లపడును. పది బండ్ల మట్టియు, నలుగురు కూలీలును ఊరి మోతుబరికి భారము గాదు. మఱుగుదొడ్డి తలుపు చక్రములకుర్చీ పట్టునంత వెడల్పు పెట్టించుట కట్టునాడే చూచుకొనవలెను. ఆడపిల్ల పెద్దదైన పిమ్మట బడి మానుట కనేక పర్యాయములు ఈ తలుపే కారణము.

పదవ తరగతి చదువు బిడ్డలుగల వారికొక మాట. లోపముగల విద్యార్థికి వ్రాతపరీక్షలో గంటకు 20 నిమిషములకు తక్కువ గాకుండ అదనపు కాలమీయవలెనని కేంద్రప్రభుత్వపు నియమము. మూడుగంటల పరీక్షకు గంటసేపు అధికముగ దొరకును. తాను వ్రాయలేనిచో లేఖకుని సాయము పొందవచ్చును. నూటికి 40 పాళ్లకు తక్కువ లోపము గలవారికిని అవసరమును బట్టి లేఖకుని నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు చెప్పినది. వైద్యుని పత్రము, ధ్రువపత్రము సిద్ధము చేసికొనుటకు సదరం శిబిరములో వంతు కొఱకు వేచియుండవలసి వచ్చును గనుక, ఈ యేర్పాట్లు తొమ్మిదవ తరగతిలోనే మొదలిడుట మంచిది. దరఖాస్తు ప్రధానోపాధ్యాయుని మూలముగ పోవలెను. ప్రధానోపాధ్యాయుడు తన బడి పట్టీలో పేరున్న వారికొఱకే దానిని పంపగలడు. జూన్ మాసమున వాకిట నిలిచి పిల్లలెందఱని యడిగిన నాడు ఆ పేరు వ్రాయబడి యుండవలెను.