కంప్యూటర్లకు కావలి

ఇంటిపద్దు వ్రాసికొను గృహిణికి నెలాఖరున అర్ధరూపాయి తేడా వచ్చెనేని ఆ రాత్రి నిద్ర పట్టదు. "అర్ధరూపాయే కదా, పోనిమ్ము" అని మగవారు నవ్వుదురు. పద్దులో ఎక్కడనో ఒక తప్పు దాగియున్నదనియు, అది రేపు నూరురూపాయలు మ్రింగవచ్చుననియు ఆమె భయము. కంపెనీల కంప్యూటర్లను కాచు విద్యకు ఈ భయమే పునాది యనిన సోదరీమణులకు వింతగా తోచవచ్చును. కాని జరిగిన కథ యట్టిదే.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున లారెన్సు బర్క్‌లీ ప్రయోగశాల యను పరిశోధనసంస్థ కలదు. క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు, తన పరిశోధనకు ధనసహాయము ఆగిపోగా, అక్కడి కంప్యూటరు విభాగమున పనికి కుదిరెను. ఆ దినములలో మనిషికొక కంప్యూటరు ఉండెడిది కాదు. ఒక పెద్దయంత్రమును పలువురు పంచుకొని, వాడుకొన్న కాలమునకు రుసుము చెల్లించెడివారు. 1986 ఆగస్టులో ఆ లెక్కలను సరిచూడగా 75 సెంట్ల తేడా కనబడెను. ఆనాటి మన ద్రవ్యమున పది రూపాయలకు లోపే. క్రొత్తగా చేరినవాడు గనుక ఆ తేడా ఏమో తేల్చుమని స్టోలునకు అప్పగించిరి. ఎవరో 9 సెకనుల కాలము యంత్రమును వాడుకొని సొమ్ము చెల్లింపలేదని తేలినది. ఆ ఖాతా ఎవరిదో సంస్థలో నెవ్వరికిని తెలియదు.

ఖాతాను కొట్టివేసి ఊరకుండినచో కథ అంతటితో ముగిసెడిది. స్టోలు అట్లు చేయలేదు. ఒక వారాంతమున తోడి యుద్యోగుల బల్లలపైనున్న అచ్చుయంత్రములను, టెర్మినళ్ళను మోసికొని వచ్చి, బయటినుండి కంప్యూటరునకు వచ్చు టెలిఫోను తీగలు సుమారు ఏబదింటికి తగిల్చి, ఆ గదిలోనే పండుకొనెను. తెల్లవారి చూచునప్పటికి ఒక యంత్రమునుండి బారలకొలది కాగితము వెలువడి యుండెను. దొంగ కొట్టిన ప్రతి యక్షరమును అందు అచ్చయినది. వాడు ఈ సంస్థను మెట్టుగా చేసికొని అమెరికా సైనికశాఖల కంప్యూటర్లలో ప్రవేశింప యత్నించుచుండెను. కొన్నిచోట్ల తాళము పగులగొట్టవలసిన పనియే లేకపోయెను. యంత్రముతోపాటు వచ్చిన మొదటి పాస్‌వర్డును అక్కడ ఎవరును మార్చి యుండలేదు.

దొంగ పశ్చిమజర్మనీనుండి వచ్చుచున్నాడని తెలిసినది గాని, టెలిఫోను జాడ పూర్తిగా తీయుటకు వాడు చాలసేపు తగిలియుండవలెను. వాడు నిమిషములలో వెడలిపోవుచుండెను. అప్పుడు ఉపాయము చెప్పినది స్టోలు జీవితసహచరి మార్తా. ఆమె న్యాయశాస్త్ర విద్యార్థిని. వానికి ఇష్టమైన సైనికరహస్యముల వంటివి మనమే కల్పించి పెట్టుదము, చదువుచు కూర్చుండును, అని ఆమె యనెను. అట్లే జరిగినది. హానోవరు నగరవాసి మార్కస్ హెస్ దొరకెను. దొంగిలించినదానిని వాడును, వాని స్నేహితులును సోవియట్ గూఢచారిశాఖయగు కే.జీ.బీ.కి అమ్ముచుండిరి. 1990లో జర్మను న్యాయస్థానము వారిని దోషులుగా తేల్చినది. పది నెలల కావలికి ఆరంభము 75 సెంట్లు.

నాడు స్టోలు అచ్చుయంత్రములతో చేసినపనిని నేడు ప్రతి కంప్యూటరులోను ఉంచబడిన ఒక కావలి ప్రోగ్రాము చేయుచున్నది. ఎవరు, ఏ వేళ, ఏ తావునుండి లోనికి వచ్చిరి, ఏ క్రొత్త ప్రోగ్రాము నడచినది, డిస్కు ఎంత నిండినది, ఏ మరమ్మతు బాకీయున్నది అనునవన్నియు చిట్టాకెక్కి కేంద్రస్థానమునకు పోవును. హైదరాబాదు, బెంగుళూరు నగరములలో ఇట్టి చిట్టాలను రాత్రింబవళ్ళు వంతులవారీగా చూచు గదులు కలవు. అందు పనిచేయు యువతులును కలరు. పగలు తొమ్మిదింటికి వచ్చు గుమాస్తా పేరుతో రాత్రి రెండుగంటలకు పరదేశమునుండి ఎవరో ప్రవేశించిన వారు లేచి చూడవలెను. ఆరోగ్యము వేరు, భద్రత వేరు అని మొదట తోచును గాని, ఎవరును పని చేయని వేళ యంత్రము వేడెక్కుచుండినచో అది పంకా చెడుటవలన కావచ్చును, లేదా ఎవరో దానిని దొంగచాటుగా తమ లెక్కలకు తిప్పుకొనుటవలన కావచ్చును. జ్వరము ఒక్కటే, కారణములు అనేకము.

చూచినంత మాత్రమున చాలదు. విండోస్ కంప్యూటర్లలోని ఒక లోపమునకు మైక్రోసాఫ్టువారు 2017 మార్చి 14న మరమ్మతు విడుదల చేసిరి. మే 12న వాన్నాక్రై యను దుష్టప్రోగ్రాము ఆ లోపముననే దూరి, దస్త్రములను గడియవేసి సొమ్మడిగెను. మరమ్మతు చేసికొనని యంత్రములు దానికి చిక్కినవి. ఇంగ్లండులో వేలకొలది రోగుల వైద్యపు ఏర్పాట్లు రద్దయినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్ని కూడ అప్పుడే చిక్కుకొనెను.

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థకు ఇట్టి యాపదయే వచ్చినది. రోగుల నమోదు, పరీక్షల ఫలితములు, రసీదులు సమస్తము చేతివ్రాతతో నడచెను. సంస్థను కాపాడినది విడిగా నుంచిన ప్రతి. దాడి సోకని మరియొక సర్వరునుండి సమాచారమును మరల తెచ్చుకొనగలిగిరి. ఊరగాయ జాడీని రెండుగా విడదీసి, ఒకటి తడి తగులని చోట దాచుట మనకు క్రొత్త కాదు.

కావలివాడే తూలిపడిన సందర్భమును కలదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను కంపెనీవారి కావలి ప్రోగ్రామునకు వచ్చిన ఒక తప్పు అప్‌డేటువలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయెను. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి.

2020 తరువాత ఈ కంపెనీ కంప్యూటర్లు మన వంటింటి ప్రక్కకు వచ్చినవి. ఇప్పుడు మనము అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. కావలి యంత్రమునకా, మనిషికా? దొంగ రాకుండ కాచుట న్యాయము. కాని కొన్ని ప్రోగ్రాములు తెరను చిత్రము తీయును, మీటలు నొక్కిన సంఖ్య లెక్కించును, మనిషి ఎంతసేపు కదలలేదో చెప్పును. పసిబిడ్డకు పాలిచ్చుటకు లేచిన పదినిమిషములను లెక్కించుటవలన ఏ దొంగయు పట్టుబడడు. ఉద్యోగము చేయు సోదరి, తన యంత్రమున ఏమేమి చూచుచున్నారో, ఆ చిట్టా ఎంతకాలము దాచుదురో వ్రాతమూలకముగా అడుగుట తప్పు కాదు. ఇంటి ఛాయాచిత్రములు, బ్యాంకు పాస్‌వర్డులు, డాక్టరు చీటీలు అందు ఉంచకుండుట మేలు. పిల్లల ఆటలకు, బంధువులు తెచ్చిన పెన్‌డ్రైవులకు దానిని ఈయరాదు.

ఎప్పుడైన తెలియని లేఖలోని దస్త్రము పొరబాటున తెరచినచో, మాట పడవలసి వచ్చునని భయపడి తెల్లవారువరకు దాచుట మిక్కిలి ప్రమాదము. దొంగకు ఆ రాత్రి చాలును. వెంటనే వైఫై నిలిపి కంపెనీవారికి టెలిఫోను చేయవలెను. ఆ నంబరును కంప్యూటరులో గాక, ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటించి యుంచుడు. గడియపడిన యంత్రములోని నంబరు కంటికి కనబడదు.