“నెట్ జీరో” అంటున్నారు సరే, లెక్కలో ఏం వదిలేశారు?

ఈ వారం ఎపిసోడ్‌లో టైం సరిపోక వదిలేసిన వివరాలు ఇక్కడ రాస్తున్నాం.

నార్త్ యార్క్‌లో ఉండేవాళ్ళకి కీల్, ఫించ్ కలిసే జంక్షన్ తెలిసే ఉంటుంది. ఫించ్ వెస్ట్ సబ్‌వే స్టేషన్‌కి దగ్గర్లోనే పెద్ద పెద్ద ఆయిల్ ట్యాంకులు కనిపిస్తాయి. వాటిలో ఇంపీరియల్ ఆయిల్ కంపెనీ టెర్మినల్ ఒకటి. సార్నియా రిఫైనరీలో తయారైన ఇంధనం పైప్‌లైన్‌లో ఇక్కడికి వచ్చి, తర్వాత ట్యాంకర్లలో బంకులకి వెళ్తుంది. మనం ఎస్సోలో కొట్టించే గ్యాస్ ఈ కంపెనీదే. ఇందులో దాదాపు 70 శాతం వాటా ఎక్సాన్ మొబిల్‌ది.

ప్రకటన మీద ఫిర్యాదు

ఆల్బర్టాలో ఆయిల్ శాండ్స్ తవ్వే ఆరు పెద్ద కంపెనీలు పాత్‌వేస్ అలయన్స్ అనే కూటమి పెట్టుకున్నాయి. ఇంపీరియల్ అందులో సభ్యురాలు. 2050 కల్లా తమ కార్యకలాపాల్లో నెట్ జీరో సాధిస్తామని వీళ్ళు పెద్ద ఎత్తున ప్రకటనలు ఇచ్చారు. అవి జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నాయని 2023 మార్చిలో గ్రీన్‌పీస్ కెనడా కాంపిటీషన్ బ్యూరోకి ఫిర్యాదు చేసింది. బ్యూరో విచారణ మొదలుపెట్టింది.

అభ్యంతరం ఏంటంటే, “కార్యకలాపాలు” అన్న ఒక్క మాట దగ్గరే అసలు కిటుకు ఉంది. తవ్వడం, శుద్ధి చేయడంలో వచ్చే పొగే ఆ లెక్కలోకి వస్తుంది. ఆ ఇంధనం మన కారులో కాలినప్పుడు వచ్చే పొగ రాదు. ఒక బ్యారెల్ మొత్తం ఉద్గారాల్లో ఎక్కువ భాగం మాత్రం అక్కడే. ఇల్లంతా ఊడ్చామని చెప్పి, చెత్త పక్కింటి ముందు పోసినట్టే కదా!

2024 జూన్‌లో బిల్ సి-59 చట్టమైంది. పర్యావరణం గురించి గొప్పలు చెప్పుకునే కంపెనీ ఆధారం కూడా చూపించాలన్నది అందులోని నిబంధన. వెంటనే పాత్‌వేస్ తన వెబ్‌సైట్‌లో ఉన్నదంతా తీసేసింది. చట్టంలో స్పష్టత లేదు కాబట్టే తీసేశామన్నది వాళ్ళ వాదన. 2025 నవంబర్ బడ్జెట్‌లో ప్రభుత్వం ఈ నిబంధనల్లో కొన్నింటిని తొలగిస్తామని ప్రకటించింది.

కెర్ల్ దగ్గర ఏం జరిగింది?

ఆల్బర్టాలో ఇంపీరియల్‌కి కెర్ల్ అనే గని ఉంది. ఇసుక నుంచి తారు లాంటి చమురు తీశాక మిగిలే కలుషిత నీటిని పెద్ద చెరువుల్లో నిల్వ చేస్తారు. 2022 మేలో అక్కడ ఊట బయటికొస్తోందని కనిపెట్టారు. 2023 ఫిబ్రవరిలో ఇంకో నిల్వ కుంట నుంచి 53 లక్షల లీటర్లు పొర్లిపోయాయి. అప్పటిదాకా, అంటే దాదాపు తొమ్మిది నెలలు, ఊట ఎంత తీవ్రమైందో తమకి సరిగా చెప్పలేదని దిగువనున్న అథబాస్కా చిపెవాన్ ఆదివాసీలు మండిపడ్డారు. వాళ్ళు ఆ నేలమీద వేటాడతారు, ఆ నీళ్ళలో చేపలు పడతారు.

నదిలో చేపలకి గానీ తాగునీటికి గానీ హాని జరిగిన సూచనలు లేవని కంపెనీ చెప్పింది. సీఈఓ పార్లమెంటరీ కమిటీ ముందు క్షమాపణ అడిగారు. 2024 ఆగస్టులో ఆల్బర్టా రెగ్యులేటర్ వేసిన జరిమానా 50,000 డాలర్లు. 2023లో కంపెనీ లాభం సుమారు 489 కోట్ల డాలర్లు.

మన కోనసీమవాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. లీకవుతోందని ముందే చెప్పినా పట్టించుకోలేదని అప్పుడు ఊరివాళ్ళు ఆరోపించారు.

మరి మనమేం చేయాలి?

డెలివరీ చేసేవాళ్ళని, రోజూ 401 మీద తిరిగేవాళ్ళని గ్యాస్ మానేయమని మేం చెప్పట్లేదు. కానీ మీ ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ఇండెక్స్ ఫండ్ ఉంటే ఈ కంపెనీల షేర్లు అందులో ఉండే అవకాశం ఎక్కువ. గల్ఫ్‌లో ఉన్నా, హ్యూస్టన్‌లో ఉన్నా, ఏ ఆయిల్ కంపెనీ సస్టైనబిలిటీ రిపోర్టు చూసినా రెండే ప్రశ్నలు వేయండి. కాల్చినప్పుడు వచ్చే పొగ లెక్కలో ఉందా? లీకైనప్పుడు చుట్టుపక్కలవాళ్ళకి ఎన్ని రోజుల్లో చెప్పారు?

ఈ రెండింటికీ సూటిగా జవాబు దొరక్కపోతే, మిగతా పేజీల్లో ఎన్ని పచ్చటి ఫోటోలున్నా నమ్మాల్సిన పని లేదు.